కారిక్‌షాక్ సందు దాకా: ఐర్లండ్ పల్లెల్లో వారం రోజులు

గుంటూరు వచ్చి నాలుగు రోజులైంది. చెప్పులకు అంటిన అక్కడి బురద ఇంకా పూర్తిగా పోలేదు. చూసినవన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోక ముందే రాసేయాలని కూర్చున్నాను.

మా అమ్మాయి లిమెరిక్‌లో ఉద్యోగం చేస్తోంది. రమ్మని మూడేళ్ళుగా పోరుతోంది. ఐర్లండ్ వెళ్ళినవాళ్ళంతా సముద్రం ఒడ్డున కొండ అంచులు చూసి వస్తారు. నాకు మాత్రం రెండు పల్లెలు చూడాలని కోరిక. ఒకటి 1831లో జనం చేతుల్లో పోలీసులు చనిపోయిన చోటు. రెండోది 1834లో సైనికుల తూటాలకు జనం చనిపోయిన చోటు. రెండు చావులకూ కారణం ఒకటే పన్ను, చర్చికి కట్టాల్సిన దశమ భాగం.

మా నాయనమ్మది పెదనందిపాడు ఫిర్కా. 1922లో పర్వతనేని వీరయ్య చౌదరి గారి వెనక ఆ ఊళ్ళు శిస్తు కట్టడం మానేసినప్పుడు ఆవిడకు పదేళ్ళు. గొడ్లను జప్తు చేస్తే వేలంలో పాట పాడటానికి ఒక్కడూ వచ్చేవాడు కాదని చెప్పేది. ఆవిడ కొడుకే మా నాన్న. పోలీసు శాఖలో చేరి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు, ఇప్పుడు ఎనభై ఆరేళ్ళు. ఒకే అరుగు మీద ఇటు కథలూ అటు కథలూ విని పెరిగినదాన్ని. అందుకే ఐర్లండ్ అనగానే నాకు ఆ రెండు పల్లెలే గుర్తొస్తాయి.

సెప్టెంబరు 3, డబ్లిన్

పొద్దున్నే డబ్లిన్ కోటకి వెళ్ళాం. కోట అంటే బురుజులు, కందకాలు ఊహించుకున్నాను. లోపల చాలావరకు పాత ఆఫీసు భవనాల్లాగే ఉంది. 1922 దాకా బ్రిటిష్ ప్రభుత్వం ఈ దేశాన్ని నడిపింది ఇక్కడి నుంచే. అక్కడే ఒక పక్కన పోలీసు మ్యూజియం ఉంది. లాఠీలు, బేడీలు, ఈలలు, ముదురాకుపచ్చ యూనిఫారాలు. నాన్న పెట్టెలో ఉన్న ఈల కూడా అచ్చం ఇలాంటిదే.

1812 నుంచి 1818 దాకా ఐర్లండ్ ప్రభుత్వాన్ని నడిపిన కార్యదర్శి రాబర్ట్ పీల్. లండన్ పోలీసు ఆయన పేరుతోనే ప్రసిద్ధం, కానీ అది 1829 నాటిది. అంతకు పదిహేనేళ్ళ ముందే, 1814లో, ఇక్కడ ఒక దళాన్ని తయారుచేశాడు. జనం ఆ పోలీసులను 'పీలర్లు' అన్నారు. ఫలానా బేరనీలో అల్లర్లు జరుగుతున్నాయని ప్రభుత్వం ప్రకటించగానే ఈ దళం అక్కడ దిగుతుంది. బేరనీ అంటే మన ఫిర్కా లాంటిది. దళం ఖర్చంతా ఆ బేరనీ జనమే కట్టాలి. తప్పు చేసినవాడూ కట్టాలి, చెయ్యనివాడూ కట్టాలి.

ఇది చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. మన 1861 పోలీసు చట్టంలో 15వ సెక్షన్ ఉంది. అల్లర్లున్న ఊళ్ళో అదనపు పోలీసులను దింపి, ఆ ఖర్చు ఊరి జనం దగ్గరే వసూలు చేయడానికి. నాన్న దాన్ని 'ప్యూనిటివ్ పోలీసు' అనేవారు. ఐర్లండ్ పోలీసు నమూనానే 1843లో బ్రిటిష్ సేనాని నేపియర్ సింధుకి తెచ్చాడు. అక్కడి నుంచి 1859లో మన మద్రాసు పోలీసు చట్టం దాకా, తర్వాత దేశమంతటికీ పాకింది. మా ఊరికి వచ్చిన చట్టం ఏ దారిన వచ్చిందో ఆ అద్దాల బీరువా ముందు నిలబడ్డప్పుడు తెలిసింది.

అక్కడ పనిచేసే పెద్దాయన నేను ఈల ముందు అంతసేపు నిలబడటం చూసి దగ్గరికి వచ్చారు. మా నాన్న పోలీసు అని చెప్పాను. "ఎన్నేళ్ళ సర్వీసు?" అన్నదే ఆయన మొదటి ప్రశ్న. ముప్ఫై నాలుగు అన్నాను. ఆయన తల ఊపి, లాఠీల దగ్గరికి తీసుకెళ్ళి ఒక్కొక్కటీ చూపించారు. బయట టీ, ఒక స్కోన్ కలిపి 7 యూరోలు. టీ మాత్రం మన టీ లాగే చిక్కగా, పాలు పోసి ఇస్తారు.

సెప్టెంబరు 4, డబ్లిన్

బిషప్ స్ట్రీట్‌లో జాతీయ పత్రాలయం. రాసుకోవడానికి పెన్సిలే, పెన్ను లోపలికి తీసుకెళ్ళనివ్వరు. 1820ల నాటి ప్రభుత్వ కాగితాల్లో పల్లెల్లోంచి వచ్చిన బెదిరింపు ఉత్తరాలు ఉన్నాయి. కింద సంతకం 'కెప్టెన్ రాక్'. అది ఒక మనిషి పేరు కాదు. 1821 నుంచి 1824 దాకా లిమెరిక్, కార్క్, కెర్రీ, ఇంకా చుట్టుపక్కల జిల్లాల్లో ఎవరు ఉత్తరం రాసినా ఆ పేరే పెట్టేవాళ్ళు.

వంకర అక్షరాలు. పలికినట్టే రాసిన ఇంగ్లీషు. కొన్నింటి కింద శవపేటిక బొమ్మ. వాటిలో అడిగినవి మాత్రం చాలా చిన్న సంగతులు. ఖాళీ చేయించిన రైతు పొలాన్ని ఇంకొకడు కౌలుకి తీసుకోకూడదు. బంగాళాదుంప వేసుకునే చెక్కకి కౌలు తగ్గించాలి. దశమ భాగం ఇంతకు మించి అడగకూడదు.

ఈ దశమ భాగం గురించి కొంచెం చెప్పాలి. పంటలో పదో వంతు చర్చికి. చర్చి అంటే ప్రొటెస్టెంట్ చర్చి. కట్టే జనంలో ఎక్కువమంది కాథలిక్కులు, ఆ గుడి గడప తొక్కనివాళ్ళు. పైగా వందల ఎకరాల్లో గొడ్లు మేపే పెద్దవాళ్ళకు చాలాకాలం మినహాయింపు. దక్షిణాదిన అయితే పేదవాడి బంగాళాదుంప చెక్క మీద కూడా వేశారు. వసూలు పాట పాడుకున్న ఇజారాదారు తన వాటా కలిపి లాగేవాడు. 1815లో నెపోలియన్‌తో యుద్ధం అయిపోయి ధాన్యం ధర కూలింది, కౌలు మాత్రం తగ్గలేదు. 1823లో ఒక చట్టం తెచ్చి మేత భూములకూ పన్ను వేశారు. అప్పటిదాకా పక్కన ఉన్న పెద్ద రైతులు కూడా పేదవాళ్ళ వైపు వచ్చారు.

ఒక ఉత్తరం వెనక ఎవరిదో బొటనవేలి మసి మరక అలాగే ఉంది. దాని మీద చెయ్యి పడకుండా జాగ్రత్తగా తిప్పి పెట్టేశాను. మధ్యాహ్నం భోజనం మానేశాను, టైం తెలియలేదు. మా అమ్మాయి బయట వానలో గంటసేపు ఎదురుచూసింది.

సెప్టెంబరు 5, గ్రేగ్‌నమానా

కారులో కిల్కెనీ జిల్లాకి. మా అమ్మాయి నడిపింది. ఇక్కడా ఎడమ పక్కనే కాబట్టి నాకు టెన్షన్ లేదు. బారో నది ఒడ్డున చిన్న ఊరు, మధ్యలో పాత మఠం, ఒడ్డున బాతులు. 1831 మార్చి 3న దశమ భాగం బకాయిల కింద గొడ్లను పట్టుకోవడానికి 120 మంది సాయుధులు దిగింది ఈ ఊళ్ళోనే. ఫాదర్ మార్టిన్ డోయ్‌ల్ అనే పూజారి అప్పటికే ఊరి గొడ్లను తన పేర రాయించుకున్నాడు. పన్ను బాకీ లేనివాడి గొడ్డును ఎలా తోలుకెళ్తారు?

ఆ రోజుల్లో జప్తుకి రెండు అడ్డంకులు ఉండేవి. తాళం వేసిన తలుపు పగలగొట్టకూడదు, చీకటి పడ్డాక పట్టుకోకూడదు. అందుకని జనం పగలంతా గొడ్లను కొట్టంలో పెట్టి తాళం వేసి, రాత్రి మేతకు వదిలేవాళ్ళు. జప్తు బలగం వస్తుంటే కొమ్ము ఊదేవాళ్ళు, చర్చి గంట కొట్టేవాళ్ళు. పట్టుబడ్డవి బందెలదొడ్డికి చేరినా కొనేవాడు లేడు. మా నాయనమ్మ చెప్పిందే మళ్ళీ చదివినట్టుంది. వందేళ్ళ తేడా, సముద్రాల దూరం, ఒకటే ఉపాయం. కానీ అన్నిచోట్లా అది పారలేదు. అదే ఏడాది జూన్ 18న పక్క జిల్లా బన్‌క్లోడీలో వేలానికి తెచ్చిన పశువులను విడిపించబోయిన జనం మీద కాల్పులు జరిపారు. డజను మందికి పైగా పోయారు.

రాత్రి బస ఇచ్చిన ఇంటావిడ తొక్కతోనే ఉడికించిన బంగాళాదుంపలు, వెన్న, క్యాబేజీ పెట్టింది. ఫోర్కుకి గుచ్చి, వేడివేడిగా చాకుతో తొక్క తియ్యడం నేర్పించింది. పిండి పిండిగా విడిపోతున్నాయి, నిజంగా రుచిగా ఉన్నాయి. ఆ కాలంలో కూలికి వెళ్ళే మగాడు రోజుకి ఐదారు కిలోల దుంపలు తినేవాడట. వేరే ఏమీ ఉండేది కాదు మరి. నేను తెచ్చుకున్న కందిపొడి ఆవిడకు కొంచెం పెట్టాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగినా రెండోసారి అడిగింది.

సెప్టెంబరు 6, కారిక్‌షాక్

ఈ రోజు కోసమే వచ్చాను.

హగిన్స్‌టౌన్ దాటాక ఫోను మ్యాప్ మమ్మల్ని ఒక పాడి రైతు దొడ్లోకి తీసుకెళ్ళి వదిలేసింది. కుక్క అరిచింది. రబ్బరు బూట్లతో ఒక పెద్దాయన బయటికి వచ్చాడు. పొరపాటున వచ్చామని మా అమ్మాయి క్షమించమని అడుగుతుంటే, ఆయన నా చీర వైపు, నా చేతిలో కాగితం వైపు చూసి "కారిక్‌షాక్ కోసమా?" అన్నాడు. ఔనన్నాను. తన కారు ముందు పోనిస్తాను, వెనకే రమ్మన్నాడు. దారిలో ఎదురొచ్చిన ప్రతి బండికీ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తుతున్నాడు. అది ఇక్కడి నమస్కారం. రెండో మలుపుకే మా అమ్మాయి కూడా వేలు ఎత్తడం మొదలుపెట్టింది.

1925లో నిలిపిన స్మారకం అక్కడ ఉంది. దాని చుట్టుపక్కల పచ్చటి పొలాలు, పొదల కంచెలు, పండిన నల్ల బెర్రీలు. ఇళ్ళ మీద నలుపు, పసుపు రంగుల జెండాలు, అవి ఈ జిల్లా హర్లింగ్ జట్టువి. హర్లింగ్ అంటే కర్రలతో బంతి కొట్టే ఇక్కడి ఆట.

1831 డిసెంబరు 14. ఎడ్మండ్ బట్లర్ అనే అతను దశమ భాగం నోటీసులు అంటించడానికి బయలుదేరాడు. మన భాషలో కోర్టు అమీనా. నాక్‌టోఫర్ చర్చి అధికారి హ్యామిల్టన్‌కి రావాల్సిన బకాయిలు. అతనికి కాపలాగా కెప్టెన్ గిబ్బన్స్ కింద నలభై మంది దాకా పోలీసులు. చర్చి గంటలు మోగాయి. పొలాల్లోంచి జనం వందల్లో చేరారు, వెంట నడిచారు. వాళ్ళు అడిగింది ఒకటే: అమీనాని మాకు అప్పగించండి, మీ దారిన మీరు పోండి. గిబ్బన్స్ ఒప్పుకోలేదు. పోలీసులు వరసగా ఒక ఇరుకు సందులోకి వచ్చారు. రెండు వైపులా రాతి గోడలు, గోడల మీద మనుషులు. ఎవరో అమీనాని పట్టి లాగారు. తూటాలు పేలాయి. అప్పటి తుపాకులు ఒకసారి పేలితే మళ్ళీ నింపాలి. అంత చోటు ఎక్కడుంది? రాళ్ళు, పారలు, కొడవళ్ళు, హర్లింగ్ కర్రలు. కొద్ది నిమిషాల్లో అయిపోయింది. గిబ్బన్స్, బట్లర్‌తో కలిపి పోలీసుల పక్షాన డజనుకు పైగా, ఊరివాళ్ళు ముగ్గురు చనిపోయారు.

పెద్దాయన గోడ దగ్గర నిలబడి రెండు చేతులూ చాపాడు. ఇంతే వెడల్పు అనుకోండి, అన్నాడు. మాటలు పెద్దగా లేవు ఆయన దగ్గర. ఆ చేతుల మధ్య వరసలో నలభై మందిని నిలబెట్టి చూసుకున్నాను. ఆ కానిస్టేబుళ్ళు కూడా చాలావరకు ఈ దేశం పల్లెల్లోంచి జీతం కోసం వచ్చిన కుర్రాళ్ళే. మా నాన్న కూడా జీతం కోసమే చేరారు. ఇంట్లో ఐదుగురు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, అరెకరం పొలం.

ఊరివాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. వాళ్ళది న్యాయమైన పోరాటం, అందులో నాకు అనుమానం లేదు. అయినా ఆ సందులో నిలబడి ఒక్క వైపే ఏడవడం నా వల్ల కాలేదు. కోయడానికి చేయి చాపిన బెర్రీలు కోయకుండానే వదిలేశాను.

1832లో హత్య కేసు నడిచింది. ముద్దాయిల వైపు కాథలిక్కుల నాయకుడు, లాయరు డేనియల్ ఓకానల్ నిలబడ్డాడు. ఎవరికీ శిక్ష పడలేదు. గెలిచామని పాటలు కట్టారు. ఒక పాటైనా వచ్చా అని పెద్దాయనను అడిగాను. వాళ్ళ నాన్నకు వచ్చు, తనకు రాదు అన్నాడు. తరవాత చాలాసేపటికి, నేను అడగకుండానే, "మా పెద్దమ్మ కొడుకు కూడా పోలీసే" అన్నాడు. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు. వాళ్ళింట్లో టీ తాగకుండా మాత్రం కదలనివ్వలేదు. వద్దు అని ఒకసారి అంటే ఇక్కడ లెక్కలోకి రాదు, మన ఊళ్ళల్లో లాగే మూడుసార్లు అడుగుతారు.

సెప్టెంబరు 7, కాషెల్

గుట్ట మీద పాత కోట, గుడి, గోపురం. యాత్రికులంతా దాని కోసమే వస్తారు. వానలో అదీ చూశాం. నా మనసు మాత్రం కింద బజారులో ఉంది. 1814 సెప్టెంబరులో పీల్ దళం మొదట దిగింది ఈ మిడిల్‌తర్డ్ బేరనీలోనే, రిచర్డ్ విల్‌కాక్స్ అనే మేజిస్ట్రేటు కింద. టిప్పరరీ జిల్లా అంటే 1760ల నుంచీ రాత్రిపూట చొక్కాల మీద తెల్ల అంగీలు తొడుక్కుని తిరిగిన 'వైట్‌బాయ్స్' పుట్టిల్లు. తమ మేత భూమికి కట్టిన కంచెలు కూల్చడంతో మొదలుపెట్టారు వాళ్ళు.

1822లో జిల్లాకో పోలీసు వచ్చింది, 1836లో దేశమంతా ఒకే దళమైంది. ఆ దళంలో కానిస్టేబుల్‌ని సొంత జిల్లాలో వేసేవాళ్ళు కాదు, పెళ్ళాం తరఫు జిల్లాలో కూడా వేసేవాళ్ళు కాదు. మా అమ్మ కాపురమంతా మూటలు కట్టడం, విప్పడంతోనే గడిచింది. అది గుర్తొచ్చింది. మధ్యాహ్నం సూప్, గోధుమరంగు సోడా బ్రెడ్, 9 యూరోలు. బ్రెడ్ ఇంకో ముక్క ఊరికే తెచ్చి పెట్టారు.

సెప్టెంబరు 8, బార్ట్లెమీ

కార్క్ జిల్లాలో రాత్‌కార్మక్ దగ్గర. ఒకప్పుడు గుర్రాల సంతకి పేరుపడ్డ ఊరు. 1834 డిసెంబరు 18న ఆర్చ్‌డీకన్ రైడర్ అనే చర్చి అధికారి సైనికులను, పోలీసులను వెంటబెట్టుకుని బకాయి వసూలుకి వచ్చాడు. ర్యాన్ అనే విధవరాలి ఇల్లు. బాకీ 40 షిల్లింగులు, అంటే రెండు పౌన్లు. జనం ఆమె దొడ్డి గుమ్మానికి బండి అడ్డం పెట్టారు. కర్రలతో నిలబడ్డారు. సైనికులు కాల్చారు. డజను మంది దాకా చనిపోయారు, ఇంకా ఎంతోమంది గాయపడ్డారు. చనిపోయినవాళ్ళలో ఆమె కొడుకు కూడా ఉన్నాడని చెబుతారు.

క్రిస్మస్‌కి వారం ముందు.

దారి అడుగుదామని కొట్టులోకి వెళ్ళాం. కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి మాట మధ్యలో ఆపి, తన అమ్మమ్మకి ఫోను చేసి ఇచ్చింది. ఆవిడ మొదట వాన గురించి, తరవాత నా ఆరోగ్యం గురించి, ఇండియాలో నర్సుల గురించి మాట్లాడి, అప్పుడు దారి చెప్పింది. ఆవిడ చెప్పిన వైపు వెళ్తే ఒక ఇనుప గేటు, లోపల ఆవులు, కిందికి దిగే పొలం. నేల తడిగా ఉంది. గేటు మీద చేతులు పెట్టి నిలబడ్డాం. రెండు పౌన్ల కోసం అంతమందినా, అని మా అమ్మాయి మెల్లగా అంది. పౌన్ల కోసం కాదమ్మా, ఒకచోట వదిలేస్తే అన్నిచోట్లా వదలాల్సి వస్తుందని, అన్నాను. అంటూ ఉండగానే నాకే గొంతు పట్టేసింది.

1838లో చట్టం మార్చారు. దశమ భాగంలో పావు వంతు తగ్గించి, మిగతాది భూస్వామి మీదకు మార్చారు. భూస్వామి దాన్ని కౌలులో కలిపేసుకున్నాడు. ఆ చర్చికి ప్రభుత్వ హోదా తీసేసింది 1869 చట్టం.

సెప్టెంబరు 9, న్యూకాసిల్ వెస్ట్

అమ్మాయి ఇంటికి దగ్గరే, గంట లోపు దారి. బజారు మధ్యలో డెస్మండ్ ప్రభువుల పాత భవనం, ఎదురుగా చేపలు, చిప్స్ అమ్మే కొట్టు. 1821లో 'రాక్' పేరు ఇక్కడి కోర్ట్‌నీ జమీనులో పుట్టింది. హాస్కిన్స్ అనే ఏజెంటు కౌలు బకాయిల కోసం జనాన్ని పీడించాడు, అతని కొడుకుని చంపారు. మంటలు మూడు నాలుగు జిల్లాలకు పాకాయి. 1822లో అత్యవసర చట్టం తెచ్చారు. పొద్దు గూకిన దగ్గర్నుంచి తెల్లవారే దాకా ఇంటి బయట కనిపిస్తే, సరైన కారణం చూపకపోతే, జ్యూరీ లేకుండానే ఏడేళ్ళు ద్వీపాంతరం. ఓడల్లో ఆస్ట్రేలియా పంపేవాళ్ళు.

సాయంత్రం ఏడున్నరకి ఆ బజారులో పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. సూర్యుడు ఇంకా పూర్తిగా దిగలేదు. చిప్స్ పొట్లం 5 యూరోలు. బెంచీ మీద కూర్చుని చీకటి పడేదాకా తిన్నాం.

గుంటూరు

నాన్నకి మొత్తం చెప్పాను. కారిక్‌షాక్ సందు బొమ్మ కాగితం మీద గీయించుకున్నారు. "ముందు ఇద్దరిని పంపి చూసుకోకుండా అందులోకి ఎట్లా దిగాడమ్మా ఆ కెప్టెను?" అన్నారు మొదట. తరవాత బేరనీ ఖర్చు సంగతి చెప్పాను. 'బాయ్‌కాట్' అనే మాట కూడా 1880లో ఆ దేశంలోనే ఒక ఏజెంటు పేరు మీద పుట్టిందని చెప్పాను. ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

"ఒక ఊళ్ళో పొలం తగాదా. మమ్మల్ని ఆరుగురిని ఇరవై ఆరు రోజులు బళ్ళో పెట్టారు," అన్నారు. ఇన్నేళ్ళలో ఈ కథ నేను వినలేదు. "కొట్టువాడు అగ్గిపెట్టె అమ్మలేదు. బావి దగ్గరికి వెళ్తే ఆడవాళ్ళు చేద తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ బాధ వాళ్ళది. నాలుగో రోజు నుంచి తెల్లారేసరికి గుమ్మం పక్కన కడవతో నీళ్ళు ఉండేవి."

"ఎవరు పెట్టేవాళ్ళు నాన్నా?"

"చూడలేదు. ఊళ్ళో తెలిస్తే ఆ మనిషికి కష్టం కదా. అందుకని మేం ఆరుగురం గోడ వైపు తిరిగి పడుకునేవాళ్ళం."